విదేశంలో చదువుతూ ఉద్యోగం వెతుక్కునేవారికి: పరిచయాలు పెంచుకునే పద్ధతి, మొదటి సెమిస్టర్ నుంచి ఆఫర్ లెటర్ దాకా

నాకు వారానికి రెండు మూడైనా ఇలాంటి మెసేజ్‌లు వస్తుంటాయి: "హాయ్, నేను మాస్టర్స్ పూర్తి చేశాను. మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి. రెజ్యూమె జత చేశాను." పంపినవాళ్ల మీద కోపం రాదు. చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటివే రాశాను. గడువు దగ్గర పడుతుంటే, తీర్చాల్సిన అప్పు కళ్లముందు తిరుగుతుంటే, రాత్రి రెండింటికి ఎవరి పేరు కనిపిస్తే వాళ్లకి రాసేయాలనిపిస్తుంది. కానీ ఆ మెసేజ్‌కి ఏమని జవాబివ్వాలి? రాసినవారికి ఏ పని బాగా వచ్చో తెలియదు, ఏ టీమ్‌కు సరిపోతారో తెలియదు. తెలుసుకోవాలంటే ముందు రెజ్యూమె తెరిచి చదవాలి. చాలామంది అంతదాకా వెళ్లరు.

అదే విద్యార్థి "మీరు టెస్టింగ్ నుంచి డేటా ఇంజినీరింగ్‌లోకి మారారు కదా, నేనూ ఇప్పుడు అదే ఆలోచనలో ఉన్నాను. ఆ మార్పులో మీకు ఏది ఎక్కువ అక్కరకొచ్చింది?" అని అడిగితే బస్సులో నిలబడి కూడా జవాబు రాసేస్తాను. ముక్కూ మొహం తెలియని మనిషిని ఉద్యోగం అడిగితే ఆయన చేతిలో లేనిది అడిగినట్టు. దారి అడిగితే ఆయనకు తెలిసింది అడిగినట్టు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క తేడా మీదే నిలబడి ఉంటుంది.

మొదటి అడుగు: చేతిలో ఎన్ని నెలలున్నాయో లెక్కేసుకోండి

అక్కడే పుట్టి పెరిగిన విద్యార్థికి లేని ఇబ్బంది మీకొకటి ఉంది, అది గడువు. అందుకే ఎవరికైనా రాసే ముందు ఒక కాగితం తీసుకుని తేదీలు రాసుకోండి.

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివినవారికి డిగ్రీ తర్వాత ఓపీటీ (చదివిన సబ్జెక్టులో తాత్కాలికంగా పని చేసే అనుమతి) కింద 12 నెలలు పని చేసే వీలుంటుంది. సబ్జెక్టు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఓపీటీ దరఖాస్తును కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు పెట్టుకోవాలి. చాలామంది పట్టించుకోని అంకె మరొకటి ఉంది. మొదటి 12 నెలల ఓపీటీలో అన్నీ కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు వస్తే మొత్తం మీద ఆ పరిమితి 150 రోజులవుతుంది. పట్టా అందుకున్నాక తీరిగ్గా పరిచయాలు మొదలుపెడదామనుకునేవారికి మిగిలేది ఆ మూడు నెలలే.

బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసా 2021లో మొదలైంది. ఇప్పటిదాకా మామూలు డిగ్రీలకు 2 ఏళ్లు, పీహెచ్‌డీకి 3 ఏళ్లు ఇస్తూ వచ్చారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారిలో పీహెచ్‌డీ వాళ్లు తప్ప మిగతా అందరికీ 18 నెలలే. జర్మనీలో చదువు పూర్తిచేసినవారు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల నివాస అనుమతి తీసుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో అలాంటి అనుమతి ఏడాదికి ఇస్తారు. కెనడాలో చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి (పీజీడబ్ల్యూపీ) సాధారణంగా కోర్సు నిడివిని బట్టి గరిష్ఠంగా 3 ఏళ్లు ఉంటుంది. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. మీ యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లి మీ కేసుకు ఏది వర్తిస్తుందో అడిగి, ఆ తేదీలే కాగితం మీద వేయండి. స్నేహితుడు చెప్పిన తేదీలు వేయకండి.

ఆ కాగితం మీదే నియామకాల సీజన్ కూడా గుర్తు పెట్టుకోండి. అమెరికాలో పెద్ద కంపెనీలు వచ్చే ఏడాది డిగ్రీ పూర్తయ్యేవారి కోసం ఆగస్టు నుంచి అక్టోబర్ లోపే వెతకడం మొదలుపెడతాయి. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ స్కీములు చాలావరకు సెప్టెంబర్ ప్రాంతంలో తెరుచుకుంటాయి. ప్రకటన వచ్చేనాటికి ఆ కంపెనీలో కనీసం ఇద్దరితో మాట్లాడి ఉండాలంటే మీ పని వేసవిలోనే మొదలవ్వాలి. ఏడాది కోర్సు చేసేవాళ్లయితే క్లాసులు మొదలైన మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. తొందరపెడుతున్నానని అనుకోకండి, ఈ లెక్క తెలియక నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

రెండో అడుగు: ఎవరితో మాట్లాడాలో పేర్లు రాసుకోండి

కొత్త దేశంలో మనకు ముందుగా దొరికే మనుషులు మనలాంటి విద్యార్థులే. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటాం. కష్టంలో వాళ్లే ఆదుకుంటారు, ఆ స్నేహం విలువ నేను తక్కువ చేయను. ఉద్యోగాల కబురు విషయంలో మాత్రం నలుగురికీ తెలిసింది ఒకటే. మేం నలుగురం ఒకే లిస్టు చూసి, ఒకే పదిహేను కంపెనీలకు, ఒకే రాత్రి అప్లై చేసేవాళ్లం.

ఈ సంగతిని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే పరిశోధన చేసి చెప్పారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిని "ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగారు. తరచుగా కలిసేవాళ్లమన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవారు 27.8 శాతం. ఆయన అడిగింది కొద్దిమందినే. కానీ 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వినియోగదారుల ఐదేళ్ల సమాచారం మీద ఇదే ప్రశ్న వేసింది. బాగా దగ్గరివాళ్ల కన్నా, కొద్దిమంది ఉమ్మడి స్నేహితులున్న ఓ మోస్తరు పరిచయస్తుల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని తేలింది. మరీ దూరపువాళ్ల వల్ల ఆ లాభం మళ్లీ తగ్గింది.

ఆ "ఓ మోస్తరు" అన్న మాట పట్టుకోండి. కంపెనీ అధినేతకు రాయడం దండగ. రూమ్‌మేట్‌నే పదేపదే అడగడమూ దండగ. మీకు కావలసినవాళ్లు మధ్యలో ఉన్నారు: మీ విభాగంలోనే చదివి రెండు నుంచి ఆరేళ్ల కిందట బయటికెళ్లినవారు, మీ ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ చేసి పరిశ్రమలోకి వెళ్లినవారు, క్లాసుకు గెస్ట్ లెక్చర్ ఇచ్చినవారు, డిగ్రీ కాలేజీ సీనియర్లు, పాత ఉద్యోగంలోని క్లయింట్లు.

వీళ్లను వెతకడానికి బోలెడు మార్గాలున్నా ఒక్కటి బాగా వాడితే చాలు. లింక్డ్‌ఇన్‌లో మీ యూనివర్సిటీ పేజీ తెరిచి అలమ్నై అన్న భాగంలోకి వెళ్లండి. అక్కడ ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ పని చేస్తున్నారు, ఏం చదివారు అన్న వడపోతలుంటాయి. ముందు నగరం, తర్వాత పని, తర్వాత చదివిన సబ్జెక్టు ఎంచుకోండి. వేలల్లో ఉన్న పేర్లు యాభై, అరవైకి దిగుతాయి. ఇదే పని మీ పాత కాలేజీ పేజీలో కూడా చేయండి. మీ కాలేజీలో చదివి, మీరున్న దేశంలో, మీ రంగంలోనే పనిచేస్తున్న మనిషి జవాబిచ్చే అవకాశం అందరికన్నా ఎక్కువ. మీరు నడుస్తున్న దారి ఆయన ఒకసారి నడిచాడు.

జర్మన్ మాట్లాడే దేశాల్లో ఉన్నవారు లింక్డ్‌ఇన్ లాంటి జింగ్ అనే వేదికను కూడా చూడాలి. అమెరికా యూనివర్సిటీల్లో హ్యాండ్‌షేక్ అనే ఉద్యోగాల వేదిక చాలాచోట్ల ఉంటుంది, అందులోని ప్రకటనలు విద్యార్థుల కోసమే వేసినవి.

మొత్తం మీద నలభై పేర్లు చాలు. ఒక స్ప్రెడ్‌షీట్‌లో పేరు, కంపెనీ, ఆ మనిషిలో మీకు ఆసక్తి కలిగించిన ఒక్క విషయం, రాసిన తేదీ, జవాబు, తర్వాత చేయాల్సింది అని గడులు పెట్టుకోండి. మూడో గడి నింపలేకపోతే ఆ పేరు తీసేయండి. ఆసక్తి కలిగించినదేమీ లేకుండా రాసే మెసేజ్ ఎలా ఉంటుందో అవతలివాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

మూడో అడుగు: ప్రొఫైల్ సర్దుకోండి

దీని మీద వారాలు గడపొద్దు, ఒక సాయంత్రం చాలు. మీ మెసేజ్ చూసిన మనిషి ముందు మీ పేరు మీద నొక్కుతారు. అక్కడ పేరు కింద వాక్యంలో "ఉద్యోగం కోసం చూస్తున్న విద్యార్థి" అని ఉంటే మీ గురించి ఏమీ చెప్పనట్టే. ఏం చదువుతున్నారు, ఏ పని చేయగలరు, ఎప్పటి నుంచి అందుబాటులో ఉంటారు అన్న మూడూ ఆ వాక్యంలో ఉండాలి. వెలుతురు బాగున్న ఫొటో ఒకటి పెట్టండి. చేసిన ప్రాజెక్టుల్లో రెండింటిని తీసుకుని, సమస్య ఏమిటి, మీరు చేసిందేమిటి, ఫలితమేమిటి అని మూడు మూడు వాక్యాల్లో రాయండి. గ్రూప్ ప్రాజెక్టయితే అందులో మీ వంతు ఏమిటో విడిగా చెప్పండి.

నాలుగో అడుగు: మొదటి మెసేజ్

మనలో చాలామందిని ఆపేది మొహమాటం. "వాళ్లెవరో, నేనెవరో, ఏమనుకుంటారో" అని నెలలు గడిపేస్తాం. గడువు మెడ మీదికొచ్చాక ఆ మొహమాటం ఒక్కసారిగా వదిలిపోయి నేరుగా ఉద్యోగం అడిగేస్తాం. అవతలి మనిషి ఇరవై నిమిషాల్లో ఇవ్వగలిగినదే అడుగుతున్నప్పుడు మొహమాటపడాల్సిన పనిలేదు. తను నడిచిన దారి గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే చెప్పడం చాలామందికి ఇష్టమే.

కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు రాసే నోట్‌లో రెండు మూడు వాక్యాలకు మించి పట్టవు. పైగా ఉచిత ఖాతాల్లో నెలకు ఇన్ని నోట్లే అని పరిమితి ఉంది. కాబట్టి వాటిని ముఖ్యమైనవారికే దాచుకోండి. మెయిల్ దొరికితే మెయిలే మంచిది. ఎక్కడ రాసినా ఈ నాలుగూ ఇదే వరుసలో ఉండాలి: మీరెవరు, వాళ్లకే ఎందుకు రాస్తున్నారు, ఏం అడుగుతున్నారు, కాదనడానికి తేలికైన వీలు.

మీరు పంపేది ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో ఉంటుంది కానీ, దాని భావం ఇలా ఉండాలి:

"నమస్కారం. నేను మీరు చదివిన విభాగంలోనే మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. మీరు సివిల్ డిజైన్ నుంచి రైల్వే సిగ్నలింగ్ ప్రాజెక్టుల్లోకి వెళ్లారని చూశాను. నా థీసిస్ కూడా సిగ్నలింగ్ మీదే, కానీ కన్సల్టెన్సీలో రోజువారీ పని ఎలా ఉంటుందో నాకు తెలియదు. వచ్చే రెండు వారాల్లో మీకు వీలైనప్పుడు ఓ ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? ఇప్పుడు కుదరకపోతే ఫరవాలేదు, నేను రెండు ప్రశ్నలు రాసి పంపితే వాటికి జవాబిచ్చినా సంతోషమే."

ఇందులో రెజ్యూమె లేదు, ఓపెనింగ్స్ మాట లేదు. "మీ విలువైన సమయాన్ని వెచ్చించి" లాంటి బరువైన మర్యాదలూ లేవు. మర్యాద ఎక్కడుందంటే, వాళ్ల ప్రొఫైల్ నిజంగా చదివినట్టు కనిపిస్తున్న ఆ ఒక్క వాక్యంలో ఉంది.

పిలుపు సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో వృత్తిపరమైన మెసేజ్‌ల్లో మొదటి పేరుతో పిలవడమే మామూలు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెడితే అది మూకుమ్మడిగా పంపిన మెసేజ్‌లా కనిపిస్తుంది. జర్మనీలో మాత్రం మొదటి మెయిల్‌లో ఫ్రావు (శ్రీమతి) లేదా హెర్ (శ్రీ) అని ఇంటిపేరుతో పిలవాలి, మీరు అన్న అర్థమిచ్చే గౌరవ రూపం వాడాలి. వాళ్లు మొదటి పేరుతో సంతకం చేసి జవాబిస్తే అప్పుడు మీరూ తగ్గించుకోవచ్చు.

రోజుకు రెండు మూడు మెసేజ్‌లకు మించి రాయకండి. నేను ఒక రాత్రి అరవై మందికి ఒకే మెసేజ్ పేర్లు మార్చి పంపాను. ఒకచోట పేరు మార్చడం మర్చిపోయాను. ఆయన మర్యాదగానే ఎత్తి చూపారు, కానీ నేను ఎంతో పని చేయాలనుకున్న కంపెనీలో ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. ఇప్పటికీ అది తలచుకుంటే బాధగానే ఉంటుంది.

జవాబు రాకపోతే ఎనిమిది, పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. "ఇంతకుముందు రాశాను, మీరు బిజీగా ఉండి ఉంటారు, వీలైతే చూడండి" అన్నంత క్లుప్తంగా చాలు. దానికీ జవాబు లేకపోతే ఆ పేరు పక్కన పెట్టేయండి. మూడోసారి రాయకండి.

ఐదో అడుగు: ఆ ఇరవై నిమిషాలు

ఒప్పుకున్నాక క్యాలెండర్ ఆహ్వానం మీరే పంపాలి. వాళ్లుండేది వేరే టైమ్ జోన్‌లో అయితే వాళ్ల సమయంలోనే రాయాలి. ముందురోజు వాళ్ల కంపెనీ చేసే పనేమిటో చదివి ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే ప్రశ్న అడిగితే ఇద్దరి సమయమూ వృథా.

మొదటి నిమిషంలో మీ గురించి నాలుగు వాక్యాల్లో చెప్పుకోండి. దీన్ని గట్టిగా పైకి చెప్పుకుంటూ పదిసార్లు సాధన చేయండి. కొత్త భాషలో తడబడేది ఎక్కువగా ఇక్కడే, ఇది బాగా వస్తే మిగతా మాట దానంతట అదే సాగుతుంది. యాస గురించి టెన్షన్ పడకండి, కాస్త నెమ్మదిగా మాట్లాడితే చాలు. అర్థం కాని మాటను "మళ్లీ ఒకసారి చెప్పగలరా" అని అడిగితే తప్పేమీ లేదు. అర్థమైనట్టు తలూపితేనే తర్వాత ఇబ్బంది.

నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చిన ప్రశ్నలు ఇవి. "పోయిన వారం మీరు ఏ పని మీద ఎక్కువ సమయం గడిపారు?" దీనికి వచ్చే జవాబులో ఉద్యోగ ప్రకటనలో కనిపించని నిజం ఉంటుంది. "మీ టీమ్‌లో కొత్తగా చేరినవారు మొదటి ఆరు నెలల్లో ఎక్కడ ఇబ్బంది పడతారు?" ఆ జవాబు మీ రెజ్యూమెలో దేన్ని పైకి తేవాలో చెబుతుంది. "ఈ పనికి మీ కంపెనీలో ఏ పేరుతో ప్రకటన ఇస్తారు?" ఒకే పనిని ఒకచోట అనలిస్ట్ అని, ఇంకోచోట అసోసియేట్ అని, మరోచోట ఇంజినీర్ అని పిలుస్తారు. సరైన పేరు తెలియక నెలల తరబడి తప్పు పేరుతో వెతికేవారున్నారు. "నా నేపథ్యం విన్నాక మీకు ఏ లోటు కనిపిస్తోంది?" ఇది అడగడానికి ధైర్యం కావాలి. జవాబు వినేటప్పుడు సమర్థించుకోకండి, రాసుకోండి.

పద్దెనిమిదో నిమిషంలో మీరే సమయం గుర్తుచేయండి. వాళ్లు కొనసాగిస్తే మంచిదే. ముగించే ముందు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: "ఈ విషయం మీద నేను మాట్లాడాల్సినవారు ఇంకెవరైనా మీ దృష్టిలో ఉన్నారా?" ఒక్కరి పేరు దొరికినా, "ఫలానావారు చెప్పారు" అని మొదలయ్యే మెసేజ్‌కి జవాబు రావడం ఎంతో తేలిక. నలభై పేర్లతో మొదలైన జాబితా పెరిగేది ఇలాగే.

ఆ మాటల్లో ఉద్యోగం అడగకండి. వాళ్లంతట వాళ్లే "రెజ్యూమె పంపు" అంటే ఆ రోజే పంపండి.

ఆరో అడుగు: మాట్లాడిన తర్వాత

ఇరవై నాలుగు గంటల్లోపు కృతజ్ఞతలు రాయండి. అందులో వాళ్లు చెప్పిన ఒక ప్రత్యేకమైన సలహా, దాని మీద మీరు ఏం చేయబోతున్నారు అన్నవి ఉండాలి. నెల తర్వాత మళ్లీ రాయండి: "మీరు చెప్పిన సర్టిఫికేషన్ పరీక్ష రాశాను" అనో, "మీరన్న ఆ సాఫ్ట్‌వేర్ నా థీసిస్‌లో వాడాను, ఫలితం ఇదిగో" అనో. ఏమీ అడగకండి.

నా అనుభవంలో పరిచయాన్ని నిలబెట్టేది ఈ రెండో మెసేజే. సలహా తీసుకున్నవారిలో చాలా కొద్దిమందే తిరిగొచ్చి ఏం చేశారో చెబుతారు. అలా చెప్పినవారి పేరు నాకు ఏళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. మా టీమ్‌లో ఖాళీ వస్తే మొదట తట్టేది వాళ్లే.

ఏడో అడుగు: వీసా సంగతి ఎప్పుడు, ఎలా ఎత్తాలి

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు మొదటి వాక్యంలోనే "నాకు స్పాన్సర్‌షిప్ కావాలి", అంటే కంపెనీయే తమ పని వీసాకు పూచీ పడాలి అంటారు. కొందరు ఆఫర్ వచ్చేదాకా దాచిపెడతారు. మొదటి పరిచయంలో, సలహా అడిగే మెసేజ్‌లో వీసా ప్రస్తావన అక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అమెరికా ఫారాల్లో సాధారణంగా రెండు ప్రశ్నలుంటాయి. ఇక్కడ పని చేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉందా? ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా? ఓపీటీ మంజూరై, ఆ తర్వాత హెచ్-1బి (కంపెనీ ద్వారా వచ్చే పని వీసా) కావాల్సిన వ్యక్తికి రెండింటికీ నిజమైన జవాబు "అవును". రెండో దానికి "కాదు" అని పెట్టి లోపలికెళ్తే తర్వాత అది అబద్ధంగా నిలబడుతుంది, ఉద్యోగమే పోవచ్చు.

రిక్రూటర్లలో చాలామందికి విద్యార్థి వీసా నిబంధనలు పూర్తిగా తెలియవు. "స్పాన్సర్‌షిప్" అన్న మాట వినగానే ఖర్చు, లాయర్లు, జాప్యం అనుకుంటారు. కాబట్టి ఆ సంగతి వివరించే పని మీదే. అమెరికాలోనైతే ఇలా చెప్పొచ్చు: "డిగ్రీ తర్వాత 12 నెలలు కంపెనీ ఏ పిటిషన్ వేయకుండానే నేను పని చేయగలను. నా సబ్జెక్టు స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. దానికి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, ఒక శిక్షణ ప్రణాళిక ఫారం మీద సంతకం చేయాలి." బ్రిటన్‌లో: "గ్రాడ్యుయేట్ వీసా ఉన్నంతకాలం మీరు నన్ను స్పాన్సర్ చేయనక్కర్లేదు. ఆ తర్వాతే స్కిల్డ్ వర్కర్ వీసా మాట వస్తుంది." ఇది నిబ్బరంగా అర నిమిషంలో చెప్పగలిగితే ఎదుటివారి భయం సగం తగ్గుతుంది.

ఏ కంపెనీ వెనక సమయం పెట్టాలో కూడా ముందే చూసుకోవచ్చు. బ్రిటన్ ప్రభుత్వం స్పాన్సర్ లైసెన్సు ఉన్న సంస్థల జాబితాను తన వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. నెదర్లాండ్స్‌లో వలస వ్యవహారాలు చూసే ఐఎన్‌డీ కూడా గుర్తింపు పొందిన స్పాన్సర్ల జాబితా ఇస్తుంది. అమెరికాలో వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్ వారి హెచ్-1బి ఎంప్లాయర్ డేటా హబ్‌లో ఏ సంస్థకు ఎన్ని పిటిషన్లు ఆమోదించారో కనిపిస్తుంది. మామూలు కంపెనీలకు హెచ్-1బి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకుమించి చదివినవారికి అదనంగా 20,000 అన్న పరిమితి ఉంది. యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు ఆ పరిమితి వర్తించదు. ఈ చివరి సంగతి తెలిసినవారు తక్కువ. మీ నలభై పేర్లలో ఒక పది అలాంటి చోట పనిచేసేవారివి ఉండేలా చూసుకోండి.

ఇంకో మాట. "కొన్నాళ్లు ఉచితంగా పని చేసిపెడతాను" అని ఎవరికీ చెప్పకండి. జీతం తీసుకోకపోయినా అది పనిగానే లెక్కకు వచ్చి, విద్యార్థి వీసా షరతులకు అడ్డం పడవచ్చు. అలాంటి అవకాశమేదైనా వస్తే ముందు స్టూడెంట్ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

ఎనిమిదో అడుగు: రెఫరల్ అడగడం

రెఫరల్ అంటే ఒక ఉద్యోగి తన పేరును మీ పేరు పక్కన పెట్టడం. చాలా కంపెనీల్లో లోపలి ఫారంలో "ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసు, ఎందుకు సిఫారసు చేస్తున్నారు" అని అడుగుతారు. ఒక్కసారీ మాట్లాడని మనిషి ఆ గడిలో ఏం రాయగలరు? అందుకే ముందు మాట, తర్వాతే రెఫరల్.

అడిగేటప్పుడు వాళ్ల పని మీరే సగం చేసిపెట్టండి. ఉద్యోగం పేరు, దాని నంబరు, లింకు, ఆ ఉద్యోగానికి సరిచేసిన రెజ్యూమె, మీరెందుకు సరిపోతారో మూడు వాక్యాలు, అన్నీ ఒకే మెయిల్‌లో ఉండాలి. ఆ మూడు వాక్యాలను వాళ్లు ఉన్నవి ఉన్నట్టు ఫారంలో పెట్టుకోగలిగేలా రాయండి. "మీకు అభ్యంతరం లేకపోతేనే" అన్న మాట చేర్చండి, కాదంటే ధన్యవాదాలు చెప్పి వదిలేయండి. కొన్ని కంపెనీల్లో ముందే అప్లై చేసినవారికి తర్వాత రెఫరల్ కలపడం కుదరదు, కాబట్టి అడిగాకే అప్లై చేయండి. అలాగని గడువు దాటిపోయేదాకా ఎదురుచూడకండి. రెఫరల్ వస్తే మీ రెజ్యూమె ఒక మనిషి కళ్లపడే అవకాశం పెరుగుతుంది. ఇంటర్వ్యూ నెగ్గాల్సింది మీరే.

తొమ్మిదో అడుగు: మనుషుల్ని ఎదురుగా కలవడం

జాబ్ ఫెయిర్‌కు వెళ్లేముందు వచ్చే కంపెనీల జాబితా చూసి ఆరింటిని ఎంచుకోండి. బాగా ఇష్టమైన దాని దగ్గరికి మొదట వెళ్లకండి. గొంతు సర్దుకోవడానికి మరో రెండింటితో ముందు మాట్లాడండి. వరుసలో నిలబడ్డవారితో కూడా మాట కలపండి.

నాకైతే జాబ్ ఫెయిర్ల కన్నా వృత్తి సంఘాల సమావేశాలు ఎక్కువ పనికొచ్చాయి. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్), ఏసీఎం (కంప్యూటింగ్) లాంటి సంఘాల్లో విద్యార్థులకు తక్కువ రుసుముతో సభ్యత్వం దొరుకుతుంది, స్థానిక శాఖలు సమావేశాలు పెడుతుంటాయి. పెద్ద సదస్సుల్లో విద్యార్థి వాలంటీర్లుగా చేరితే చాలాచోట్ల ప్రవేశ రుసుము మాఫీ చేస్తారు. కొత్తవాళ్ల మధ్య ఏం మాట్లాడాలో తోచనివారికి వాలంటీర్ బ్యాడ్జీ పెద్ద ఆసరా. చేతిలో పని ఉంటుంది, జనమే వచ్చి మిమ్మల్ని పలకరిస్తారు. ఇద్దరితో పది నిమిషాల చొప్పున నిజంగా మాట్లాడితే ఆ సాయంత్రానికి చాలు. ఇంటికొచ్చాక ఎవరితో ఏం మాట్లాడారో పడుకునే ముందే రాసుకోండి, పొద్దుటికి పేర్లు కలిసిపోతాయి.

డబ్బు అడిగే పరిచయాలకు దూరంగా ఉండండి

నిజమైన రెఫరల్‌కి ఎవరూ మీ దగ్గర డబ్బు తీసుకోరు. "ఇంత కడితే ఆఫర్ లెటర్", "లేని అనుభవాన్ని రెజ్యూమెలో చూపిస్తాం", "మీ తరఫున ఇంటర్వ్యూలో మావాళ్లు మాట్లాడతారు", "ఓపీటీలో ఉద్యోగం లేని రోజుల లెక్క ఆగిపోయేలా మా కంపెనీ పేరు పెట్టుకోండి" అనేవారు ప్రతి దేశంలోనూ తగులుతారు. 90 రోజుల లెక్క దగ్గర పడ్డప్పుడు అది ఎంత ఆశపెడుతుందో నాకు తెలుసు. కానీ లేని ఉద్యోగాన్ని వీసా రికార్డుల్లో చూపించడం మోసం కిందికి వస్తుంది. బయటపడితే స్టేటస్ పోతుంది, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టడమే కష్టమవుతుంది. అంతవరకు వస్తే వెంటనే స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లి ఉన్న పరిస్థితి చెప్పండి. అమెరికాలో సబ్జెక్టుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే, మొదటి 12 నెలల ఓపీటీలో నిజమైన వాలంటీరు పని కూడా కొన్ని షరతుల మీద లెక్కకు వస్తుంది. ఇలాంటి నిజాయతీ దారులు ఏమున్నాయో వాళ్లే చెప్పగలరు.

జవాబులు రాని వారాలు

వస్తాయి. పది మందికి రాస్తే ఇద్దరే పలికిన వారాలు నాకూ ఉన్నాయి, ఒక్కరూ పలకని వారాలూ ఉన్నాయి. దాన్ని మీ విలువకు కొలతగా తీసుకోకండి. ఆ మనిషి సెలవులో ఉండొచ్చు, వాళ్ల కంపెనీలో ఉద్యోగాలు పోతూ ఉండొచ్చు. మీ చేతిలో ఉన్నది రాయడం వరకే. కాబట్టి వచ్చిన జవాబులు లెక్కపెట్టుకోవడం మానేసి, వారానికి ఐదు మంచి మెసేజ్‌లు, ఒక మాటామంతీ, పాతవారిలో ఇద్దరికి కబురు, ఇంతే పెట్టుకోండి. వారంలో రెండు రోజులు, రోజుకు గంట చాలు. మిగతా సమయం చదువుకు, ఇంటర్వ్యూ సాధనకు ఉంచండి. ఇరవై మెసేజ్‌ల తర్వాత కూడా ఎవరూ పలకకపోతే మెసేజ్‌లోనే ఏదో లోపముంది. కెరీర్ సెంటర్‌లో ఒకరికి చూపించి మార్చుకోండి.

చివరి పని ఆఫర్ వచ్చిన రోజు చేయాలి. ఆ స్ప్రెడ్‌షీట్ తెరిచి, మీతో ఒక్క నిమిషం మాట్లాడినవారితో సహా అందరికీ విడివిడిగా రాయండి. ఎక్కడ చేరుతున్నారో, వాళ్లు చెప్పిన ఏ మాట మీకు అక్కరకొచ్చిందో చెప్పండి. ఉద్యోగం ఇప్పించలేకపోయినవారికి ఆ మెసేజ్ మరీ ముఖ్యం. తర్వాత అదే స్ప్రెడ్‌షీట్‌లో ఇంకో పేజీ తెరిచి, పైన "నన్ను అడిగినవారు" అని రాసి పెట్టుకోండి. మీ జూనియర్ నుంచి మొదటి మెసేజ్ రావడానికి ఎన్నాళ్లో పట్టదు.